టెక్సాస్‌కు వలస: ఇంటి ఖర్చులు, ఉద్యోగ అవకాశాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విస్తీర్ణంలో అలాస్కా తర్వాత, జనాభాలో కాలిఫోర్నియా తర్వాత నిలిచే రాష్ట్రం టెక్సాస్. విస్తీర్ణం సుమారు 6.95 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అందులో సగానికి రావు. 2010 నుంచి 2020 దాకా పదేళ్లలో ఇక్కడ దాదాపు 40 లక్షల మంది పెరిగారు. అంతమంది మరే రాష్ట్రంలోనూ పెరగలేదు. 2020 జనగణనలో 2.91 కోట్లుగా ఉన్న జనాభా 2022లో 3 కోట్లు దాటింది. పెరిగిన జనంతో అమెరికా ప్రతినిధుల సభలో రెండు స్థానాలు అదనంగా వచ్చాయి.

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చేవారిలో కాలిఫోర్నియా వారే ఎక్కువ. 2022లో ఆ ఒక్క రాష్ట్రం నుంచే లక్ష మందికి పైగా టెక్సాస్‌కు మారారు. ఎందుకు వచ్చారంటే ఇల్లు చౌక, రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఉద్యోగాలు దొరుకుతాయి అంటారు. ఈ మాటలు నిజమే కానీ పూర్తి నిజం కావు. ఇంటి విషయంలో లెక్కలోకి తీసుకోవలసింది అమ్మకం ధర కాదు, నెలనెలా కట్టాల్సిన మొత్తం. ఉద్యోగం విషయంలో చేతిలో ఉన్న ఆఫర్ ఎంత ముఖ్యమో, అది పోతే ఇల్లు కదలకుండా ఇంకొకటి దొరికే వీలుందా అన్నదీ అంతే ముఖ్యం. ఈ రెండు లెక్కలూ ఊరిని బట్టి మారతాయి. హ్యూస్టన్ నుంచి ఎల్‌పాసోకు రోడ్డు మీద దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. ఇంత పెద్ద రాష్ట్రానికంతటికీ కలిపి సగటు ధర, సగటు జీతం చెబితే వచ్చేవారికి ఒరిగేదేమీ లేదు.

చౌక ఎలా వచ్చింది

డల్లాస్, హ్యూస్టన్ నగరాల చుట్టూ ఉన్నది మైదానం. కొండలు అడ్డు లేవు, ఊరు ఎటు కావాలంటే అటు సాగుతుంది. కౌంటీలకు భూవినియోగాన్ని అదుపు చేసే అధికారాలు తక్కువ కాబట్టి నగర హద్దు దాటాక లేఅవుట్లు త్వరగా లేస్తాయి. ఏ స్థలంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే జోనింగ్ చట్టం అమెరికా పెద్ద నగరాల్లో లేనిది హ్యూస్టన్ ఒక్కటే. 1948, 1962, 1993లలో ఓటర్లే దాన్ని తిరస్కరించారు. అంతమాత్రాన అక్కడ నిబంధనలే లేవనుకోకూడదు. చాలా కాలనీల్లో దస్తావేజులోనే షరతులు రాసి ఉంటాయి. 1998లో హ్యూస్టన్ నగరం 610 లూప్ అనే వలయ రహదారి లోపల ఒక ఇంటికి కావలసిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించింది, 2013లో ఆ సడలింపును మిగతా నగరానికీ విస్తరించింది. దాంతో పాత ఒంటి ఇళ్లున్న స్థలాల్లో మూడంతస్తుల టౌన్‌హోమ్‌లు వేల సంఖ్యలో వచ్చాయి. నగరం నడిబొడ్డున మధ్యతరగతి ఇంకా ఇల్లు కొనగలుగుతోందంటే అందులో ఈ నిర్ణయం పాత్ర చాలా ఉంది.

ధరలు పడిపోయిన అనుభవమూ టెక్సాస్‌కు ఉంది. 1986లో ముడిచమురు పీపా 10 డాలర్ల దరికి పడిపోయినప్పుడు హ్యూస్టన్‌లో ఇళ్లు తాళాలతో మిగిలాయి. ఆ దశాబ్దం చివరికి రాష్ట్రంలోని పది అతిపెద్ద బ్యాంకుల్లో తొమ్మిది కూలిపోయాయి, లేదా పరుల చేతుల్లోకి వెళ్లాయి. ఇంటిని తాకట్టు పెట్టి చేతి ఖర్చులకు అప్పు తెచ్చుకోవడాన్ని టెక్సాస్ రాజ్యాంగం చాలాకాలం అనుమతించలేదు. 1997 సవరణతో అనుమతించినా, ఇంటి మీద ఉన్న అప్పులన్నీ కలిపి విలువలో 80 శాతం దాటకూడదని పరిమితి పెట్టింది. 2008లో ఫ్లోరిడా, నెవాడా, అరిజోనాలలో ధరలు కుప్పకూలినా టెక్సాస్‌లో ఆ స్థాయిలో పడకపోవడానికి ఈ పరిమితి ఒక కారణమని చెబుతారు.

2024 ప్రాంతంలో మధ్యస్థ ధరలు డల్లాస్–ఫోర్ట్‌వర్త్‌లో 4 లక్షల డాలర్లకు అటూ ఇటూ, హ్యూస్టన్‌లో 3.4 లక్షలు, శాన్ ఆంటోనియోలో 3.1 లక్షల దరిదాపుల్లో ఉన్నాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఒంటి ఇంటి మధ్యస్థ ధర 9 లక్షలు దాటింది. శాన్‌హోజేలోనో, ఫ్రీమాంట్‌లోనో చిన్న ఇల్లు అమ్మి వచ్చినవారికి ఇక్కడ నాలుగు పడకగదుల ఇల్లు కొన్నాక కూడా డబ్బు మిగులుతుంది. కానీ కాన్సస్ నుంచో, ఒహాయో నుంచో వచ్చేవారికి ఇక్కడి ధరలు ఏమాత్రం చౌక కావు. చౌక అన్న పేరు ఎక్కడి నుంచి వస్తున్నారన్న దాన్ని బట్టే.

ఆస్టిన్ కథ వేరు. కోవిడ్ కాలంలో టెక్ ఉద్యోగుల రాకతో ఆ మెట్రో ప్రాంతంలో మధ్యస్థ ధర 2022 మే నాటికి 5.5 లక్షల డాలర్లకు ఎగబాకింది, వడ్డీలు పెరిగాక 4.5 లక్షల దరిదాపుల్లోకి దిగింది. శిఖరంలో కొన్నవారిలో కొందరికి ఇంటి విలువ కంటే అప్పే ఎక్కువైంది. అయితే ధర దిగడానికి వడ్డీ ఒక్కటే కారణం కాదు. నగరంలో ఇళ్లు, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లు, విపరీతంగా కట్టారు. 2023 నవంబరులో కొత్త కట్టడాలకు ఇన్ని పార్కింగ్ స్థలాలు తప్పనిసరిగా ఉండాలన్న నిబంధనను నగరం ఎత్తేసింది. ఆ డిసెంబరులో ఒక స్థలంలో మూడు ఇళ్ల దాకా అనుమతించింది. 2024 మేలో కనీస స్థలాన్ని 5,750 చదరపు అడుగుల నుంచి 1,800కు తగ్గించింది. 2025లో రాష్ట్ర శాసనసభ కూడా ఇదే దారి పట్టింది. పెద్ద నగరాల్లో కొత్తగా వేసే లేఅవుట్లలో ఇంటికి 3,000 చదరపు అడుగుల కంటే ఎక్కువ స్థలం ఉండాలని పట్టుబట్టకూడదని ఒక చట్టం, వాణిజ్య స్థలాల్లో అపార్ట్‌మెంట్లను అడ్డుకోకూడదని మరొకటి తెచ్చింది.

నెలకు ఎంత

ఉదాహరణకు 4 లక్షల డాలర్ల ఇల్లు తీసుకుందాం. 80 వేలు డౌన్ పేమెంట్ కట్టి, 3.2 లక్షలు 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల అప్పు తీసుకుంటే నెల వాయిదా సుమారు 2,023 డాలర్లు. 2021 మొదట్లో వడ్డీలు 3 శాతం లోపు ఉన్నాయి. 3 శాతానికైనా ఇదే అప్పుకు 1,349 కడితే సరిపోయేది. 2023 అక్టోబరులో సగటు వడ్డీ 7.8 శాతం దరికి వెళ్లింది. తక్కువ వడ్డీకి కొన్నవారు ఇల్లు అమ్మడానికి ఇష్టపడరు కనుక పాత కాలనీల్లో మంచి ఇళ్లు సులభంగా బయటికి రావు. ఆ లోటును కొత్త ఇళ్ల బిల్డర్లు పూరిస్తున్నారు. ధర తగ్గించడానికి బదులు మొదటి కొన్నేళ్లో, మొత్తం కాలానికో వడ్డీని తమ ఖర్చుతో తగ్గించి ఇవ్వడం వారి పద్ధతి.

ఆ 2,023కు ఆస్తి పన్ను కలపాలి. రేటు 2 శాతం అనుకుంటే నెలకు 667 డాలర్లు. ఇంటి బీమాకు 300, హోమ్ ఓనర్స్ అసోసియేషన్‌కు 60 వేసుకుంటే మొత్తం 3,050. ఇందులో మూడో వంతు అప్పుకు సంబంధం లేని ఖర్చు. 30 ఏళ్ల తర్వాత అప్పు తీరిపోయినా ఈ వంతు తీరదు, పైగా పెరుగుతూ పోతుంది. పదవీ విరమణ తర్వాత కూడా ఇక్కడే ఉండాలనుకునేవారు అన్నిటికంటే ముందు ఆలోచించవలసిన అంకె ఇదే.

రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. 2019లో ఓటర్లు దాన్ని రాజ్యాంగంలోనే నిషేధించారు. కాలిఫోర్నియాలో అత్యధిక శ్లాబు 13.3 శాతం. పెద్ద జీతాల వారికి ఇది ఏటా వేల డాలర్ల మిగులు. చిన్న జీతాల కుటుంబం ఇతర రాష్ట్రాల్లోనూ ఆదాయపు పన్ను పెద్దగా కట్టదు, కాబట్టి వారికి ఇక్కడ కలిసివచ్చేది స్వల్పం. వారి మీద పడేది అమ్మకం పన్ను: రాష్ట్రానికి 6.25 శాతం, స్థానిక సంస్థలకు 2 శాతం దాకా, కలిపి 8.25. కిరాణా సరుకుల్లో చాలా వాటికి, మందులకు మినహాయింపు ఉంది. అద్దెకు ఉండేవారు ఆస్తి పన్ను నేరుగా కట్టకపోయినా యజమాని దాన్ని అద్దెలో కలిపే వసూలు చేస్తాడు.

ఆస్తి పన్ను వేసేది రాష్ట్రం కాదు. కౌంటీ, నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్, కమ్యూనిటీ కాలేజీ, కొన్నిచోట్ల ఆసుపత్రి డిస్ట్రిక్ట్ ఎవరి రేటు వారు వేస్తారు. అందరిలో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. నగర హద్దుకు అవతల కొత్త కాలనీల్లో మంచినీళ్లు, డ్రైనేజీ, రోడ్లు వేయడానికి ఏర్పడే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, వాడుకలో ‘మడ్’, తన బాండ్ల అప్పు తీర్చుకోవడానికి అదనంగా మరో పన్ను వేస్తుంది. ఒకే ధరకు ఎదురెదురుగా ఉన్న రెండు కాలనీల్లో మడ్ ఉన్నదానికి ఏటా రెండు మూడు వేల డాలర్లు ఎక్కువ కట్టాల్సి రావచ్చు. అమ్మేవారి కరపత్రంలో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇల్లు చూసే ముందే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో చిరునామా కొట్టి, ఎవరెవరు ఎంత పన్ను వేస్తున్నారో చూసుకోవడం మేలు.

విలువ కట్టే తేదీ జనవరి 1. కొత్త ఇల్లు కొన్నవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. జనవరి 1 నాటికి ఖాళీ స్థలమో, సగం కట్టిన గోడలో ఉంటే ఆ ఏడాది పన్ను ఆ విలువకే పడుతుంది. బ్యాంకు ఆ చిన్న మొత్తాన్ని బట్టి ఎస్క్రో వాయిదా (పన్ను, బీమాల కోసం నెలనెలా వసూలు చేసే మొత్తం) నిర్ణయిస్తే, మరుసటి ఏడాది పూర్తి ఇంటి మీద పన్ను వచ్చినప్పుడు నెల వాయిదా ఒక్కసారిగా ఐదారు వందల డాలర్లు పెరుగుతుంది. పాత ఇంటి విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. సొంతంగా కాపురముండే ఇంటికి పన్ను విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్న రక్షణ ఉంది కానీ, అది యజమాని మారగానే పోతుంది. అమ్మినవారు కట్టిన పన్ను రసీదు చూసి అదే మనకూ పడుతుందనుకుంటే పొరపాటు.

ఉపశమనాలు కూడా తక్కువేమీ కావు. కాపురముండే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు స్కూల్ పన్నులో 2022లో 40 వేల డాలర్లు, 2023లో లక్ష, 2025 నవంబరు ఓటింగుతో 1.4 లక్షలు అయింది. స్కూల్ పన్ను రేటు నూటికి ఒక డాలరు అయితే దీనివల్ల ఏడాదికి 1,400 డాలర్లు మిగులుతాయి. 65 ఏళ్లు దాటినవారికి మరో 60 వేల మినహాయింపు ఉంది, వారి స్కూల్ పన్ను మొత్తం కూడా ఆ వయసులో ఉన్న స్థాయి దగ్గర ఆగిపోతుంది. ఇవేవీ వాటంతట అవి రావు. దరఖాస్తు పెట్టాలి, డ్రైవింగ్ లైసెన్సు మీద అదే చిరునామా ఉండాలి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ కట్టిన విలువ ఎక్కువనిపిస్తే మే 15 లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా ‘ప్రొటెస్ట్’ వేయవచ్చు. వీధిలో అమ్ముడైన ఇళ్ల ధరలు, మరమ్మతుల ఫోటోలు తీసుకెళ్లి స్వయంగా వాదించుకునేవారు ఎందరో ఉన్నారు. దానికి వకీలు అక్కర్లేదు.

నేల, వరద, వడగళ్లు

డల్లాస్ నుంచి ఆస్టిన్ మీదుగా శాన్ ఆంటోనియో దాకా సాగే నల్లరేగడి పట్టీ తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. మన రైతులకు ఈ నేల గుణం కొత్త కాదు, కానీ దాని మీద కాంక్రీటు పలక పోసి కట్టిన ఇంటికి అదే ముప్పు. పునాది కదిలితే గోడల్లో వాలు పగుళ్లు వస్తాయి, తలుపులు బిగుసుకుంటాయి. బాగు చేయించడానికి పదివేల డాలర్లు దాటడం మామూలే. అందుకే ఉత్తర టెక్సాస్‌లో ఎండాకాలం ఇంటి చుట్టూ పునాదికి నీళ్లు పెడతారు. టెక్సాస్ ఒప్పంద పత్రాల్లో ‘ఆప్షన్ పీరియడ్’ అనే వెసులుబాటు ఉంది: కొద్దిపాటి రుసుము కట్టి, కొన్ని రోజుల్లోగా ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. పునాది, పైకప్పు తనిఖీలు ఆ రోజుల్లోనే చేయించాలి.

2017 ఆగస్టులో హార్వీ తుపాను నెడర్‌లాండ్ ప్రాంతంలో 60 అంగుళాలకు పైగా వాన కురిపించింది. హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో చాలా వాటికి వరద బీమా లేదు. మామూలు ఇంటి బీమాలో వరద ఉండదు. సమాఖ్య వరద బీమా విడిగా కొనాలి, కొన్నాక సాధారణంగా 30 రోజులకు గాని అమల్లోకి రాదు. హార్వీ తర్వాత 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఇల్లు ఇదివరకు మునిగిందా, జలాశయం నిండితే నీరు నిలిచే హద్దులో ఉందా అన్నది అమ్మేవారు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ కాగితం చదవకుండా హ్యూస్టన్‌లో ఇల్లు కొనకూడదు. ఉత్తరాన వరద కంటే వడగళ్లది పెద్ద బాధ. గాలి, వడగళ్ల నష్టానికి బీమాలో మొదట మనం భరించే భాగం ఇంటి బీమా విలువలో 1 లేదా 2 శాతంగా ఉంటుంది. 4 లక్షల ఇంటికి 2 శాతమంటే 8,000 డాలర్లు జేబులోంచి పెట్టాకే కంపెనీ డబ్బు వస్తుంది.

2021 ఫిబ్రవరి మంచు తుపానులో 45 లక్షల ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. పొరుగు రాష్ట్రాల నుంచి పెద్ద ఎత్తున విద్యుత్తు తెచ్చుకునే వీలు లేని విడి గ్రిడ్ టెక్సాస్‌ది. 2002 నుంచి చాలా ప్రాంతాల్లో కరెంటు అమ్మే కంపెనీని వినియోగదారుడే ఎంచుకుంటాడు. ఆస్టిన్, శాన్ ఆంటోనియోలలో మాత్రం నగర సంస్థలే సరఫరా చేస్తాయి. ఆ తుపాను రోజుల్లో టోకు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. టోకు ధరతో ముడిపడిన ప్లాన్లు తీసుకున్నవారికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. కొత్తగా వచ్చేవారికి స్థిరమైన రేటున్న ప్లానే క్షేమం.

అద్దె

మొదటి ఏడాది అద్దెకు ఉండి ఊరు చూసుకోవడం మంచి పద్ధతి. అపార్ట్‌మెంట్ వారు సాధారణంగా నెల ఆదాయం అద్దెకు మూడు రెట్లు ఉండాలంటారు. క్రెడిట్ చరిత్ర లేకపోతే అదనపు డిపాజిట్ అడుగుతారు. అపార్ట్‌మెంట్ వెతికిపెట్టే లొకేటర్లకు కమిషన్ యజమాని ఇస్తాడు, అద్దెకుండేవారికి ఖర్చు లేదు. కొత్త అపార్ట్‌మెంట్లు వేలల్లో వచ్చిన ఆస్టిన్‌లో అద్దెలు 2022 తర్వాత బాగా దిగాయి. కాంప్లెక్సులు నెల, రెండు నెలల అద్దె మాఫీ చేసి మరీ పిలుస్తున్నాయి. అద్దె పెంపు మీద పరిమితి మాత్రం రాష్ట్రంలో లేదు. అద్దె కట్టకపోతే ఖాళీ చేయమని ఇచ్చే నోటీసు గడువు చట్టప్రకారం మామూలుగా మూడు రోజులే. లీజు మధ్యలో వెళ్లిపోతే ఒక నెల అద్దెకు దగ్గరగా రీలెట్టింగ్ రుసుము కట్టడమే కాక, కొత్తవారు వచ్చేదాకా అద్దె బాధ్యత కూడా చాలా లీజుల్లో మన మీదే ఉంటుంది.

ఉద్యోగాలు: ఒక్కో ఊరిది ఒక్కో నడక

డల్లాస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో 80 లక్షల మందికి పైగా ఉంటారు. ఈ మెట్రో బలం ఏ ఒక్క పరిశ్రమదీ కాదు. 1958లో జాక్ కిల్బీ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను రూపొందించింది డల్లాస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో. ఆ వారసత్వంతో రిచర్డ్‌సన్‌లో టెలికాం కంపెనీల వరుస పెరిగింది. 1974లో తెరుచుకున్న విమానాశ్రయం దేశానికి మధ్యన ఉండడంతో ప్రధాన కార్యాలయాలు కదిలి వచ్చాయి. ఏటీ అండ్ టీ 2008లో శాన్ ఆంటోనియో నుంచి డల్లాస్‌కు, టొయోటా ఉత్తర అమెరికా కార్యాలయం 2017లో ప్లేనోకు, మందుల పంపిణీ సంస్థ మెకెసన్ 2019లో అర్వింగ్‌కు మారాయి. చార్లెస్ ష్వాబ్ వెస్ట్‌లేక్‌కు వచ్చింది. జేపీ మోర్గాన్ చేజ్, క్యాపిటల్ వన్‌లకు ప్లేనోలో పెద్ద క్యాంపస్‌లున్నాయి. 5,000 మంది పనిచేయగల గోల్డ్‌మన్ శాక్స్ క్యాంపస్‌కు 2023లో డల్లాస్‌లో పునాది పడింది. బ్యాంకింగ్ ప్రాజెక్టు పోతే టెలికాంలో, అక్కడ కాకపోతే ఎయిర్‌లైన్స్‌లో, ఆరోగ్య బీమాలో వెతుక్కోవచ్చు. పిల్లల బడి మారకుండా, ఇల్లు అమ్మకుండా ఉద్యోగం మారగలగడం ఎంత పెద్ద భద్రతో లేఆఫ్ చూసిన కుటుంబాలకు తెలుసు. టెక్సాస్ ఊళ్లలో ఈ విషయంలో డల్లాస్‌ను మించింది లేదు.

హ్యూస్టన్ ఇంధన రాజధాని. ఎక్సాన్‌మొబిల్ 2023లో అర్వింగ్ నుంచి తన ప్రధాన కార్యాలయాన్ని హ్యూస్టన్ పక్కనున్న స్ప్రింగ్‌కు మార్చుకుంది. షెవ్రాన్ 2024లో కాలిఫోర్నియా వదిలి హ్యూస్టన్‌కు వస్తున్నట్టు ప్రకటించింది. రేవు, పెట్రోకెమికల్ కర్మాగారాలు, నాసా జాన్సన్ అంతరిక్ష కేంద్రం ఇక్కడివే. ప్రపంచంలోనే అతిపెద్ద వైద్య సముదాయమైన టెక్సాస్ మెడికల్ సెంటర్‌లో లక్షకు పైగా ఉద్యోగులున్నారు. డాక్టర్లకు, నర్సులకు, ల్యాబ్ నిపుణులకు, పరిశోధకులకు ఇంతకంటే పెద్ద చోటు లేదు. చమురు ధర పడితే మాత్రం ఇంజినీరింగ్ కొలువులు ముందుగా ఊగేది ఇక్కడే. 2015–16లోనూ, 2020లోనూ అదే జరిగింది.

ఆస్టిన్‌లో డెల్, ఐబీఎం, ఆపిల్, శాంసంగ్, 2022లో తెరిచిన టెస్లా కర్మాగారం ఉన్నాయి. జీతాలు బాగుంటాయి, ఒడిదొడుకులూ ఎక్కువే. 2024లో టెస్లా ఆస్టిన్‌లో ఒక్కసారే 2,600 మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. 2020లో ప్రధాన కార్యాలయాన్ని ఆస్టిన్‌కు తెచ్చిన ఒరాకిల్, నాలుగేళ్లు తిరక్కుండానే నాష్‌విల్ వైపు చూస్తున్నట్టు చెప్పింది. చిప్ తయారీ స్థిరంగా పెరుగుతున్న రంగం. ఆస్టిన్ దగ్గరి టేలర్‌లో శాంసంగ్ 2021లో 1,700 కోట్ల డాలర్ల కర్మాగారాన్ని ప్రకటించింది. డల్లాస్‌కు ఉత్తరాన షెర్మన్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2022లో కర్మాగార నిర్మాణం మొదలుపెట్టింది. ఇవి ఇంజినీర్లకే కాదు, రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ చదువుతో వచ్చే టెక్నీషియన్లకూ పని ఇస్తాయి.

శాన్ ఆంటోనియోలో సైనిక స్థావరాలు, బీమా సంస్థ యూఎస్ఏఏ, టొయోటా ట్రక్కుల ఫ్యాక్టరీ ఉన్నాయి. జీతాలు తక్కువ, ఇళ్లూ చౌక. మిడ్‌లాండ్, ఒడెస్సాలలో చమురు బావుల మీద డిగ్రీ లేనివారూ మంచి డబ్బు సంపాదిస్తారు. కానీ చమురు జోరుగా ఉన్నప్పుడు అక్కడి అద్దెలు డల్లాస్‌ను మించిపోతాయి. ధర పడిన ఏడాది పని పోతుంది, కొన్న ఇల్లు అమ్ముడుపోదు. అక్కడ అద్దెకు ఉండడమే మేలు.

చట్టం ఇచ్చే రక్షణ ఎంత

కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుంచి మారలేదు. నగరాలు ప్రైవేటు యజమానుల మీద అంతకంటే ఎక్కువ విధించడానికి వీల్లేదు. పూర్తికాలం పనిచేస్తే ఏడాదికి 15,080 డాలర్లు. దుకాణాలు చాలావరకు ఇంతకంటే ఎక్కువే ఇస్తున్నా, డల్లాస్‌లో ఒక పడకగది అద్దెకు ఆ జీతం చాలదు. పని ప్రమాదాల బీమా ప్రైవేటు యజమానుల ఇష్టానికి వదిలిన రాష్ట్రం ఇది. నిర్మాణం, గోదాము పనుల్లోకి వెళ్లేవారు చేరేముందే యజమానికి ఆ బీమా ఉందో లేదో అడగాలి. పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ విస్తరణను టెక్సాస్ తీసుకోలేదు. ఆరోగ్య బీమా లేనివారి శాతం దేశంలో ఇక్కడే అత్యధికం: ఆరుగురిలో ఒకరికి లేదు. ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవారికి ఈ విషయం కనిపించదు. చిన్న జీతంతో పిల్లలను పెట్టుకుని వచ్చేవారికి మాత్రం చౌక ఇంటి వల్ల మిగిలినదంతా ఒక్క ఆసుపత్రి బిల్లుతో పోవచ్చు. టెక్సాస్ గురించి చెప్పేవారు ఎక్కువగా దాటవేసే విషయం ఇది.

తెలుగువారు, వీసాలు

అమెరికాలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు కాలిఫోర్నియా, టెక్సాస్. రిచర్డ్‌సన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ డల్లాస్ శాఖ, ఆర్లింగ్టన్ శాఖ, డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ చేసినవారు చుట్టుపక్కలే ఉద్యోగాలు వెతుక్కుని అర్వింగ్, కాపెల్, ప్లేనో, ఫ్రిస్కోలలో స్థిరపడ్డారు. ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం, టాంటెక్స్, 1986 నుంచి ఉంది. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ దేవాలయం, హ్యూస్టన్ పక్కన పియర్‌లాండ్‌లో మీనాక్షి ఆలయం కొత్తగా వచ్చినవారికి మొదటి పరిచయాల చోట్లు. గది, కారు, కన్సల్టెన్సీ కబురు, బేబీ సిట్టర్ అన్నీ అక్కడే తెలుస్తాయి.

హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఊరు ఎంపిక వీసా లెక్కతోనూ ముడిపడి ఉంది. పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే సవరించిన పిటిషన్ వేయాలి. డల్లాస్, ఫోర్ట్‌వర్త్, ఆర్లింగ్టన్ కలిసి ఒకే మెట్రో కాబట్టి క్లయింటు ప్లేనో నుంచి ఫోర్ట్‌వర్త్‌కు మారినా సాధారణంగా ఆ అవసరం రాదు. డల్లాస్ నుంచి ఆస్టిన్‌కు మారితే వస్తుంది. ఉద్యోగం పోతే మిగిలే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంటర్వ్యూలు దొరికే ఊళ్లో ఉండడం వేరు, ఒకే కంపెనీని నమ్ముకున్న ఊళ్లో ఇల్లు కొనుక్కుని ఉండడం వేరు. 2025 సెప్టెంబరులో దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము విధించారు. భారత్ నుంచి నేరుగా టెక్సాస్ ఉద్యోగంలోకి వచ్చే దారి దాంతో ఇరుకైంది. శాశ్వత నివాసం లేనివారికి సమాఖ్య ప్రభుత్వ హామీతో వచ్చే ఎఫ్‌హెచ్ఏ గృహరుణాలు 2025 మే 25 నుంచి ఆగిపోయాయి. తక్కువ డౌన్ పేమెంట్‌తో ఆ దారిలో కొందామనుకున్నవారు ఇప్పుడు మామూలు బ్యాంకు రుణానికే వెళ్లాలి. 2025లో టెక్సాస్ తెచ్చిన విదేశీయుల భూమి కొనుగోలు ఆంక్షలు చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకు సంబంధించినవి, భారతీయులకు వర్తించవు.

జీవిత భాగస్వామికి హెచ్4 వీసా మీద పని అనుమతి ఉంటే టెక్సాస్‌లో బడి పంతులు ఉద్యోగం అందుబాటులో ఉన్న దారి. డిగ్రీ ఉన్నవారు ఉద్యోగం చేస్తూనే ప్రత్యామ్నాయ సర్టిఫికేషన్ పూర్తి చేయవచ్చు. నర్సులకు ఇతర రాష్ట్రాల ఉమ్మడి లైసెన్సు ఇక్కడ చెల్లుతుంది.

ఉత్తరానికి జరుగుతున్న ఊరు

1990లో ఫ్రిస్కో జనాభా ఆరు వేలు. 2020లో రెండు లక్షలు దాటింది. అక్కడ ధరలు పెరిగాక కొత్త ఇళ్లు ప్రాస్పర్, సెలైనా, ప్రిన్స్‌టన్‌లకు జరిగాయి. 2023లో సెలైనా, 2024లో ప్రిన్స్‌టన్ దేశంలోనే అత్యంత వేగంగా పెరిగిన నగరాలుగా నిలిచాయి. నీళ్లు, రోడ్లు, పోలీసు సరిపోక ప్రిన్స్‌టన్ 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల ప్రాజెక్టులకు అనుమతులు నిలిపివేసింది. అదే సమయంలో పిల్లల సంఖ్య తగ్గిన ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ 2024లో నాలుగు బడులు మూసేయాలని తీర్మానించింది. మంచి బడి కోసమే ఎక్కువ ధర పెట్టేవారు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు, నగర హద్దు ఒకటి కావు. ఫ్రిస్కో చిరునామా ఉన్న ఇళ్లు కొన్ని ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి.

ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ డల్లాస్ రైలు వ్యవస్థ డార్ట్‌లో సభ్య నగరాలు కావు. కాబట్టి పెద్దలిద్దరికీ రెండు కార్లు, రెండు బీమాలు, నెలనెలా టోల్ బిల్లు తప్పవు. సెలైనాలో అదే ధరకు ఇంకో గది ఎక్కువ వస్తుంది, కానీ డల్లాస్ డౌన్‌టౌన్‌కు పొద్దున గంట దాటుతుంది. కోవిడ్ కాలంలో ఇంటి నుంచే పని అని నమ్మి ఉత్తరాన 380 హైవేకి అవతల ఇల్లు కొన్నవారిని ఇప్పుడు కంపెనీలు వారానికి మూడు, నాలుగు, ఐదు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నాయి. ఆఫీసు ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది ఆఫర్ లెటర్‌లో రాయించుకుని, ఒక పనిరోజు ఉదయం ఏడున్నరకు ఆ దారిలో స్వయంగా కారు నడిపి చూశాకే అక్కడ ఇంటికి అడ్వాన్సు కట్టాలి.